ఆకలి చేసే పని

‘లంఘనం పరమౌషధం’ అన్నారు మనవాళ్లు. నిజమే గాని, జ్వరానికి ఒక పూట లంఘనం చెయ్యడం వేరు, నడుము సన్నబడాలని నెలల తరబడి కడుపు మాడ్చుకోవడం వేరు.

పదహారేళ్ల పిల్ల కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు గంటసేపు కెలుకుతుంది. తాను తినదు గాని వంటల పుస్తకాలు చదువుతుంది, ఇంటిల్లిపాదికీ వండి వడ్డిస్తుంది. ఒక్క మాటంటే చర్రుమంటుంది. “వట్టి మొండిఘటమండీ!” అంటారు తలిదండ్రులు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 36 మంది మొగవాళ్లు జ్ఞాపకం వస్తారు.

వాళ్లు రెండవ ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టడం తమ అంతరాత్మకు విరుద్ధమన్న అమెరికా యువకులు. ఆకలితో కృశించిన యూరపు ప్రజలు కోలుకునే మార్గం తెలుసుకోవడానికి, మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944-45లో చేసిన పరిశోధనకు తమంతట తాము ముందుకు వచ్చారు. ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా వున్నవాళ్లనే ఏరుకుని, 24 వారాలపాటు ఇంచుమించు సగం తిండే పెట్టారు. బరువులో సుమారు నాలుగో వంతు తగ్గింది.

మరి మనసు సంగతో? ఎన్నడూ గరిటె పట్టనివాళ్లు కూడా వంటల పుస్తకాల్లో మునిగిపోయారు. కలలోనూ తిండే. పెట్టిన కాస్తా నీళ్లు కలుపుకుని, ముక్కలు చేసుకుని, ఎంతోసేపు సాగదీసేవారు. నవ్వు పోయింది, స్నేహాలు సన్నగిల్లాయి, చిరాకు మిగిలింది. తిరిగి కడుపునిండా పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు. ఇదంతా మొండితనమా? కాదు, ఆకలి చేసిన పని.

ఒక్క తేడా మాత్రం వుంది. వాళ్లు అన్నం కోసం అలమటించారు. ఈ పిల్ల అన్నాన్ని చూసి భయపడుతుంది. 1874లో అచ్చయిన వ్యాసంలో లండను వైద్యుడు విలియం గల్ ఈ జబ్బును అనొరెక్సియా నెర్వోసా అన్నాడు. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. ఆ పేరు సరిగా అతకలేదు. ఆకలి లోపల వుంటూనే వుంటుంది. భయం దాని నోరు నొక్కుతుంది.

ఈ భయానికి కారణం ఒక్కటి కాదు. వంశపారంపర్యం కొంత, అన్నిటా నూటికి నూరు రావాలనే స్వభావం కొంత, శరీరం మారే ఈడు కొంత. పైన ఫోనులో సన్నని బొమ్మలు, పెళ్లిలో పదిమంది ఎదుట “గుమ్మడికాయలా అయ్యావేమే!” అనే పిన్నిగారు. మొగపిల్లలకు రాదనుకోవద్దు. డైటింగు చేసిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. వచ్చినవాళ్లలో చాలామందికి దారి అక్కడే మొదలవుతుంది.

అందుచేత మొదట తిండి, తరువాతే హితబోధలు. మాడిన కడుపుకు ఉపన్యాసం ఎక్కదు. ఆలస్యం చెయ్యకుండా వైద్యుడికీ, మనోవైద్యుడికీ చూపించాలి. బాగా చిక్కిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే. లండనులో మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు రూపొందించిన పద్ధతిలో తలిదండ్రులే పూటపూటా పక్కన కూర్చుని, తిట్టకుండా, బెదరకుండా తినిపిస్తారు. పోరాటం జబ్బుతో గాని పిల్లతో కాదు.

లంఘనం తప్పదంటారా? అయితే “లావయ్యావు” అనే మన నోటికి పెడదాం.