తాకట్టుకు పనికిరాని ఆస్తి

మా వేములలో ‘మెటల్’ అంటే రోడ్డుకు పోసే కంకర. మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చాక ఆ మాటకు ఇంకో అర్థమూ కలిసింది. కిందటేడు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు జపాన్ నుంచి నాకో పార్సిల్ వచ్చింది. పక్కింటి పెద్దమ్మ చూసి, “ఏంది పాపా అది?” అంది. “మెటల్ పాటలు పెద్దమ్మా” అన్నాను. “రాళ్లు కొట్టేటప్పుడు పాడేటివా?” అంది. ఆమె ప్రశ్నలో ఎగతాళి లేదు. “కాదు పెద్దమ్మా, కురుక్షేత్రం నాటకం మాదిరి ఉంటాయి” అన్నాను. “అట్లయితే గట్టిగా పెట్టు, ఇంటాం” అంది.

జవాబు చెప్పలేకపోయింది మరోచోట. రచయిత్రుల సమావేశం ఒకదానిలో టీ తాగుతున్నప్పుడు నేను వినే సంగీతం ప్రస్తావన వచ్చింది. నేనెంతో గౌరవించే ఒకావిడ, “పీహెచ్‌డీ చేసిన దానివి, నీకీ కత్తుల పాటలేమిటమ్మా! తెల్ల మగపిల్లల వీరంగం కదా అది. మనకు దాంతో ఏం పని?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నన్నింకా గుచ్చుతూనే ఉంది. ఆరోజు నవ్వేసి ఊరుకున్నందుకు ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ ‘కత్తుల పాటలు’ ఏమిటో చెప్పాలి. హెవీ మెటల్ నుంచి 1980లలో విడివడిన ఒక పాయ పవర్ మెటల్. పరుగెత్తే డ్రమ్ములు, జంటగా ఒకే వరసను వేర్వేరు స్వరాల్లో వాయించే రెండు గిటార్లు, తారస్థాయికి ఎగసే గొంతు, పదిమందీ కలిసి ఎత్తుకునే పల్లవి దీని గుర్తులు. ప్రయాణాలు, పురాణాలు, యుద్ధాలు, గెలుపు దీని వస్తువులు. హాంబర్గ్‌కు చెందిన హెలోవీన్ బృందం 1987లోనూ 1988లోనూ రెండు భాగాలుగా తెచ్చిన ‘కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్’ దీనికి బాట వేసింది. మొదటి భాగం వచ్చేనాటికి గాయకుడు మైకేల్ కిస్కేకి ఇరవై ఏళ్లు నిండలేదు.

నేను దాన్ని మొదట విన్నది 2009లో, హాస్టల్ గదిలో. నా గది సహచరి దగ్గర ఎంపీత్రీ సీడీ ఒకటుండేది. మొదటి వారం తలనొప్పి వచ్చింది. మూడో వారానికి రెండు గిటార్లను విడివిడిగా వినగలిగాను. ఆరు నెలలయ్యేసరికి బ్లైండ్ గార్డియన్ పాటల్లో హాన్సీ కూర్ష్ తన గొంతును తనమీదే పొరలు పొరలుగా పేర్చి ఒక్కడే గుంపెలా అవుతాడో పోల్చుకోగలిగాను. పరిశోధక విద్యార్థికి వచ్చే ఫెలోషిప్ డబ్బుతో మొదటి ఒరిజినల్ సీడీ కొన్నాను. అది వాళ్లు 1998లో తెచ్చిన ‘నైట్‌ఫాల్ ఇన్ మిడిల్ ఎర్త్’. టోల్కీన్ ‘సిల్మరిలియన్’ మీద కట్టిన పాటలవి. ఇవాళ నా బీరువా కింది అరలో, చీరల కింద, 112 సీడీలున్నాయి. మొదట అక్షరక్రమంలో పేర్చాను, తర్వాత సంవత్సరాల వారీగా, ఇప్పుడు దేశాల వారీగా. పేర్చిన ప్రతిసారీ ఒక కొత్త చుట్టరికం బయటపడుతుంది.

ఈ ఆనందానికి రెండు వైపుల నుంచీ పరీక్షలు ఎదురయ్యాయి.

మొదటిది మగవాళ్లది. బెంగళూరులో ఒక కచేరీ దగ్గర హెలోవీన్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని నిలబడితే ఒక కుర్రాడు వచ్చి, “కీపర్ ఆల్బమ్‌లో డ్రమ్స్ ఎవరు?” అన్నాడు. ఇంగో ష్విక్టెన్‌బర్గ్ అని చెప్పాను. నా పక్కనే అదే చొక్కాతో ఉన్న అబ్బాయిని అతను ఏమీ అడగలేదు. మగవాడి అభిరుచికి చొక్కా చాలు, ఆడదాని అభిరుచికి ధ్రువపత్రం కావాలి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బృందం బెంగళూరు వచ్చినప్పుడు మా బావలు ముగ్గురు రాత్రి బస్సెక్కి వెళ్లారు. ఆ బస్సులో ఒక ఆడపిల్ల కూడా ఉండొచ్చన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. వద్దన్నదాన్ని ఎదిరించవచ్చు. తోచనే తోచనిదాన్ని ఎట్లా ఎదిరిస్తాం?

ఈ పరీక్ష మనకు తెలిసిందే, దీనిమీద బోలెడు రాశాం. నా పోట్లాట రెండో పరీక్షతో. అది మనమే పెట్టేది. “దాంతో మనకేం పని?” అనేదే ఆ ప్రశ్న. స్త్రీ దేన్నైనా ఇష్టపడితే అది ఉద్యమానికో, చైతన్యానికో, కనీసం ఇంటికో పనికిరావాలి. ‘నీలిమేఘాలు’ తరం మన బాధకూ కోపానికీ భాష ఇచ్చింది. ఆ రుణం తీరేది కాదు. కానీ మన పత్రికల్లో కన్నీటికున్న చోటు కేరింతకు ఉందా? అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’ కథలో స్త్రీ కోరుకున్నది కంటినిండా నిద్ర. ఆ కోరిక ఏ పనికొస్తుందని మనం అడగలేదు. అందులోని రాజకీయం మనకు వెంటనే అర్థమైంది. నిద్రకు ఇచ్చిన మన్నన వినడానికి ఎందుకివ్వం?

విశ్రాంతి ఎవరికెంత ఉందో లెక్కలున్నాయి. కేంద్రప్రభుత్వ కాలవినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో మనకు మిగిలింది పది నిమిషాలు. ‘కీపర్’ మొదటి భాగంలో ‘హాలోవీన్’ అనే పాట ఒక్కటే 13 నిమిషాలు దాటుతుంది. కుక్కర్ విజిల్ కోసం చెవి ఒగ్గకుండా ఆ పాటను మొదటి నుంచి చివరిదాకా వినగలగడం చిన్న సంగతేం కాదు. వర్జీనియా వుల్ఫ్ రాయడానికి గది అడిగింది. వినడానికీ ఒక గది కావాలి.

ఇక కూడబెట్టడం గురించి. “స్త్రీవాదివి, వస్తువులు కొని పోగేస్తావా?” అన్న విమర్శా విన్నాను. సీడీలు కొనడం విముక్తి అని నేనెప్పుడూ అనలేదు. కానీ మా ఇంట్లో ఆడవాళ్లు ఏం కూడబెట్టుకున్నారో చూడండి. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో మా అమ్మకు పెళ్లినాడు గాజులు కొన్నారు. కరువొచ్చినప్పుడు బోరు వేయడానికి అవి తాకట్టుకు పోయాయి. బోరులో నీళ్లు పడలేదు. గాజులు తిరిగి రాలేదు. సీమలో ఆడదాని బంగారం ఆమె ఒంటిమీద ఉన్నా అది ఇంటి అత్యవసర నిధే. చీరలు ఆడబిడ్డల పెట్టుబడులకు పోతాయి. మా అమ్మ దాచుకున్నదేదీ మా అమ్మ కోసం దాచుకున్నది కాదు. నా 112 సీడీలను తాకట్టు పెడితే పది రూపాయలు పుట్టవు. అదే వాటి గొప్ప. ఏ బోరుకూ, ఏ కట్నానికీ పనికిరాని ఆస్తి మా వంశంలో ఒక ఆడదానికి ఉండటం ఇదే మొదలు. మగవాడు గ్రామఫోన్ రికార్డులు సేకరిస్తే రసజ్ఞుడు అంటాం. ఆడది సీడీలు సేకరిస్తే పిచ్చి అంటాం. ఈ తేడా మీద మాట్లాడకుండా వస్తువ్యామోహం గురించి పాఠం చెబితే నేను వినను.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వీరత్వం గురించిన ప్రశ్న. దీన్ని నాకెవరూ వేయనక్కరలేదు, నాకు నేనే వేసుకున్నాను. నేను పుట్టింది ఫ్యాక్షన్ నేల మీద. మా అత్త ముప్పైరెండేళ్లకే భర్తను పోగొట్టుకుంది. ఆయన్ని ఊరు మొనగాడంది. ఆమెను ఏమీ అనలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చి మా చావులను పండగ సినిమాలు చేశాయి. తొడగొట్టడం రాష్ట్రమంతటికీ వినోదమైంది. అట్లాంటి చోట పుట్టినదాన్ని కత్తులూ కోటలూ గెలుపూ ఉన్న పాటలు విని పులకరించవచ్చా?

చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత నా చెవులనే అడిగాను. సినిమా ఫ్యాక్షన్ వీరుడి గొంతు కిందికి దిగుతుంది, గర్జిస్తుంది, అడ్డొచ్చినవాడి నోరు మూయిస్తుంది. పవర్ మెటల్ వీరుడి గొంతు పైకి వెళుతుంది. మన వీధుల్లో మగపిల్లవాడి గొంతు సన్నగా ఉంటే ‘ఆడంగి’ అని వెక్కిరిస్తారే, సరిగ్గా ఆ స్థాయిలో అతను యుద్ధం ప్రకటిస్తాడు. పల్లవి వచ్చేసరికి పదిమందిని పిలుస్తాడు. ఈ వీరత్వం ఎవరి పొలం గట్టూ జరపదు, ఎవరి పసుపుకుంకుమలూ తీయదు. టోల్కీన్ అద్భుత కథల మీద రాసిన వ్యాసంలో ఖైదీ తప్పించుకోవడం వేరు, సైనికుడు పారిపోవడం వేరు అని విడదీశాడు. పలాయనవాదం అని నన్ను నిందించేవాళ్లు నేను ఆ ఇద్దరిలో ఎవరినో ముందు తేల్చాలి.

ఈ చెవి నాకు హాంబర్గ్ ఇచ్చింది కాదు. తిరునాళ్లలో పౌరాణిక నాటకాలు వేస్తే మా జేజినాయన ముందు వరసలో, మా జేజి ఎక్కడో వెనక చాప మీద కూర్చునేవాళ్లు. కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివర రాగం లాగుతుంటే ‘వన్స్‌మోర్’ అని అరిచేది మగవాళ్లే. జేజి మాత్రం తెల్లారి పేడ కళ్లాపి చల్లుతూ ఆ రాగాన్ని సన్నగా తీసేది. ఆమె రసజ్ఞతను ఎవరూ లెక్కలో వేయలేదు. మా జిల్లాలోనే సురభి అనే పల్లె ఉంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ కీచకవధతో మొదలుపెట్టిన నాటక సమాజం ఆ ఊరి పేరే పెట్టుకుంది. మిగతాచోట్ల మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కారు, మగపాత్రలూ ధరించారు. వీర పద్యం మగవాళ్ల సొత్తు కాదని తేల్చింది మా జిల్లా ఆడవాళ్లే. అట్లాంటి చోట పుట్టి వీరరసాన్ని నేనెందుకు వదులుకోవాలి?

పవర్ మెటల్ పునీతమైందని నేననను. అందులో రాకుమార్తెలూ మంత్రగత్తెలూ తప్ప స్త్రీలు కనిపించని ఆల్బమ్‌లు నా అరలోనే ఎన్నో ఉన్నాయి. ఫిన్లాండ్ బృందం నైట్‌విష్ 2005 అక్టోబరులో హెల్సింకీ కచేరీ ముగిశాక గాయని తార్యా టురునెన్‌ను ఒక బహిరంగ లేఖతో తొలగించింది. ఎవరి గొంతు ఆ బృందానికి గుర్తింపు తెచ్చిందో, ఆమెకు ఆ లేఖ లోకమంతటి ముందూ అందింది. ఇష్టపడటమంటే కళ్లు మూసుకోవడం కాదు. మనం రామాయణ భారతాలను వదిలేశామా? ఓల్గా ‘విముక్త’లో వాటిలోకే వెళ్లి సీతను మరికొందరు స్త్రీలతో మాట్లాడించారు. పురాణానికి ఇచ్చిన ఆ వెసులుబాటు ఈ పాటలకూ ఇవ్వండి.

‘తెల్ల మగపిల్లలు’ అన్న మాటకు కూడా జవాబుంది. సావోపాలోకు చెందిన ఆంగ్రా 1996లో ‘హోలీ ల్యాండ్’ ఆల్బమ్‌లో బ్రెజిల్ తాళవాద్యాలను ఈ సంగీతంలోకి తెచ్చింది. కెనడా బృందం అన్లీష్ ద ఆర్చర్స్ 2017లో ‘అపెక్స్’ తెచ్చింది. ఒక మహారాణికి దాసుడైన మరణంలేని యోధుడి కథ అది. ఆ యోధుడి గోడు పాడేది బ్రిట్నీ స్లేస్ అనే స్త్రీ. మన పల్నాటి కథ నాయకురాలు నాగమ్మ నెత్తిన యుద్ధపు నింద మొత్తం వేసింది. ఇక్కడ క్రూరురాలిగానూ బందీగానూ నిలబడి ఒక స్త్రీయే మాట్లాడుతోంది. ఇక ఆరోజు జపాన్ నుంచి వచ్చిన పార్సిల్ సంగతి. అది లవ్‌బైట్స్ 2017లో తెచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్. 2016లో టోక్యోలో మొదలైన ఆ బృందంలో డ్రమ్ముల నుంచి గొంతు దాకా అందరూ స్త్రీలే. జపాన్ సీడీలకు పక్కన ఒక కాగితం పట్టీ చుట్టి ఉంటుంది. సేకర్తలు దాన్ని చిరగకుండా దాచుకుంటారు. నేనూ దాచుకున్నాను.

పెద్దమ్మ ఆరోజు గుమ్మంలో కూర్చుని రెండు పాటలు విన్నది. “ఇంతకీ ఎవురు గెలిచినారు?” అంది. సాహిత్యంలో డాక్టరేటు ఉన్న నాకంటే ఆమె సూటిగా విన్నది. ఇది పనికొస్తుందా అని ఆమె అడగలేదు.

ఆనందం పనికొచ్చేదై ఉండాలన్న షరతు పితృస్వామ్యం మనకు పెట్టింది. దాన్ని ఉద్యమం పేరుతో మనమే మళ్లీ పెట్టుకోవద్దు. మళ్లీ ఎవరైనా టీ కప్పు పట్టుకుని ఆ ప్రశ్న వేస్తే నేను నవ్వను. ఒక ఇయర్‌ఫోన్ వాళ్ల చేతికిచ్చి, 13 నిమిషాలు అడుగుతాను. ఈ పత్రిక చదివేవాళ్లను కూడా ఒకటి అడుగుతున్నాను. మన గాయాల గురించి ఇంకా రాయాల్సిందే. దాంతోపాటు మీ బీరువా కింది అరలో, ఎవరికీ చెప్పకుండా, ఏ పనికీ రాకుండా దాచుకున్నదేమిటో కూడా రాయండి.