బాంబుల జాడ చెప్పే స్త్రీకి రక్షణ ఏదీ?

నిరాయుధీకరణ అనగానే అణుబాంబులూ, అగ్రరాజ్యాల చర్చలూ గుర్తుకొస్తాయి. గురజాల, మాచర్ల పల్లెల్లోని స్త్రీలకు ఆయుధమంటే పక్కింట్లో దాచిన నాటుబాంబు. 2024 మే 13 పోలింగు తర్వాత మాచవరం మండలం పిన్నెల్లిలో ఇళ్ల నుంచి పోలీసులు పెట్రోలు బాంబులు, నాటుబాంబులు స్వాధీనం చేసుకున్నారు. ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. బాంబులు ఒక్క రాత్రిలో ఊళ్లోకి రావు. అవి ఏ ఇంట్లో చేరాయో ముందుగా పసిగట్టేది ఆ వీధి ఆడవాళ్లే. వాళ్లను అడిగిందెవరు?

ఆయుధాల మీద పౌరులే నిఘా పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. అణుబాంబు తయారీ నుంచి తప్పుకుని, 1995లో నోబెల్ శాంతి బహుమతి పొందిన శాస్త్రవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్, ఒప్పంద ఉల్లంఘనను బయటపెట్టడం పౌరుల హక్కు, బాధ్యత అని చట్టంలోనే రాయాలన్నాడు. 1997లో మందుపాతరల నిషేధ ఒప్పందం కుదిరాక, ఏ ప్రభుత్వం మాట నిలబెట్టుకుందో 1999 నుంచి ఏటా నివేదిక ఇస్తున్నది ప్రజాసంస్థలే.

ఇప్పుడు చేతిలో ఫోనుంది కదా, వీడియో తీసి పెట్టండి అంటున్నారు. ఎవరి చేతిలో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే. పైగా ఆ వీడియో ఏ డాబా మీది నుంచి తీశారో ఊరందరికీ ఇట్టే తెలిసిపోతుంది. వాట్సాప్‌లో పడిన గంటలో అది బాంబులు దాచినవాడికే చేరుతుంది. బాంబులు చోటు మారతాయి, తీసిన మనిషి దొరికిపోతుంది.

పాల్వాయిగేటు సంగతి చూడండి. అప్పటి మాచర్ల శాసనసభ్యుడు పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఓటింగు యంత్రాన్ని పగలగొట్టిన దృశ్యం పోలింగు రోజునే ప్రభుత్వ కెమెరాలో నమోదైంది. ప్రజలు చూసింది మాత్రం మే 21న, సామాజిక మాధ్యమాల్లోకి వచ్చాకే. దృశ్యం ఉండటం వేరు, అది ఎవరి చేతిలో ఉందన్నది వేరు.

మన సంఘాలు ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. జాడ వేరు, సాక్ష్యం వేరు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఫోను వీడియోను కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి. దానితో ఆమె పేరు కాగితాలకెక్కుతుంది. అదే ఆమె వీడియోను జాడగా మాత్రమే తీసుకుని పోలీసులు సోదా చేస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం ఆ సోదాను వాళ్లే వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలి. సాక్ష్యం తయారుచేసే భారం పోలీసులది, ఆమెది కాదు.

పల్నాటి యుద్ధానికి నాయకురాలు నాగమ్మదే తప్పని ఎనిమిది వందల ఏళ్లుగా చెప్పుకుంటున్న నేల ఇది. రేపు కేసు వీగిపోతే వీడియో తీసిన ఆడదానిదే తప్పంటారు.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఎన్నికల సంఘం 2018లో తెచ్చిన సీ-విజిల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు, 100 నిమిషాల్లో స్పందన ఉంటుందన్నారు. కానీ అది ఎన్నికల నియమావళి ఉన్నన్నాళ్లే పనిచేస్తుంది. నాటుబాంబులకు ఎన్నికల కాలమంటూ లేదు కనుక అలాంటి ఏర్పాటు ఏడాది పొడవునా ఉండాలి. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం లాంటిదే జాడ చెప్పిన రోజు నుంచే ఆమెకు వర్తించాలి. ఏ పార్టీ వాళ్ల ఇంట్లో దొరికినా ఒకే తీరున సోదా జరగాలి.

అంతవరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఏ స్త్రీనీ ఒంటరిగా వీడియో పెట్టమని పురమాయించకూడదు. ఆమె చెప్పిన జాడను సంఘం పేరుతో అధికారుల ముందు పెట్టాలి. వాళ్లు కదిలేదాకా వెంటపడాలి.