ఒత్తుకు చోటేదీ?

దుబాయికో మస్కట్‌కో ఉత్తరం రాయడమంటే ఒకప్పుడు జగిత్యాల, కోరుట్ల ఇళ్లలో చిన్న పనికాదు. ఉన్నది ఒక్క ఏరోగ్రామ్. పొలం సంగతి, అప్పు సంగతి, పిల్లల బడి సంగతి, అవ్వ మోకాళ్ల నొప్పులు... అన్నీ అందులోనే పట్టాలి. కింద చోటు అయిపోతే అంచుల్లో రాసేవారు. అంచులూ నిండితే జిగురు అంటించే మడతమీద రాసేవారు. అవతల విప్పేటప్పుడు సరిగ్గా 'బిడ్డ పెండ్లి' దగ్గరే కాగితం చిరిగిందనుకోండి, ఆ రాత్రి అతనికి నిద్ర ఉండేదా!

చోటు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. ఇంటి కంప్యూటర్లు పుట్టిన కొత్తలో వాటికీ ఇదే తిప్పలు.

1982లో బ్రిటన్‌లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అని ఒకటి వచ్చింది. చూడటానికి రబ్బరు మీటల పలక. దానికి వేరే తెర ఉండదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. తర్వాత మన దేశంలోనూ 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మారు. దాని తెరమీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. ఒక్కో అక్షరానికి ఎనిమిదింటికి ఎనిమిది గళ్లు. లెక్కేస్తే వరసకు 32 అక్షరాలు, మొత్తం 24 వరసలు. అందులోనూ అడుగున రెండు వరసలు యంత్రం తనకోసం ఉంచుకునేది. టైపు మిషన్‌మీద కొట్టిన ఉత్తరంలో సగం లైను కూడా ఇందులో కనిపించదన్నమాట.

దానికో ఉపాయం కనిపెట్టారు. అక్షరం వెడల్పును సగానికి కోసేశారు. ఎనిమిది చుక్కల చోట నాలుగే. అందులో మూడు అక్షరానికి, ఒకటి పక్కదానికీ దీనికీ మధ్య సందుకు. 'టాస్‌వర్డ్' లాంటి ప్రోగ్రాములు ఇలాగే అదే తెరమీద వరసకు 64 అక్షరాలు పట్టించాయి. మూడు చుక్కల్లో ఇంగ్లిషు 'ఎమ్'నీ 'డబ్ల్యూ'నీ గీయడమెలాగో మీరే ఒక గళ్ల కాగితం తీసుకుని ప్రయత్నించండి, వాళ్ల కష్టం తెలుస్తుంది.

ఈ మాట సిరిసిల్లలో చెబితే పెద్దగా ఆశ్చర్యపోరు. పోగు సన్నబడితే చీర అగ్గిపెట్టెలో పడుతుందని నల్ల పరంధాములు నేసి చూపించిన ఊరది. ఆ విద్యను ఆయన కొడుకు విజయ్ కొనసాగించారు. అన్నట్టు, కంప్యూటర్ తెరకూ మగ్గానికీ దూరపు చుట్టరికం కూడా ఉంది. కార్డుకు చిల్లులు కొట్టి పోగుల్ని నడిపించే జకార్డ్ మగ్గం ఫ్రాన్స్‌లో 1804లో వచ్చింది. చిల్లుల కార్డునే 1890లో అమెరికా జనాభా లెక్కలకు వాడుకున్నారు. 1928లో ఐబీఎమ్ ఆ కార్డుమీద 80 నిలువు వరసలు పెట్టింది. ఆఫీసు కంప్యూటర్ల తెరమీద లైనుకు 80 అక్షరాలన్న లెక్క అక్కణ్నుంచి వచ్చిందే. ఇంటి కంప్యూటర్లు అందుకోవాలని తంటాలు పడింది ఆ లెక్కనే.

అందుకుంటే ఊరికే పోదు. 1984-85లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' పథకం కింద దేశంలో సుమారు 250 బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. అందులో 40 అక్షరాల పద్ధతి పెట్టుకుంటే తెరకు ఒక్క కిలోబైటు చాలు. 80 అక్షరాల పద్ధతికి మారితే 20 కిలోబైట్లు పోతాయి. యంత్రం మొత్తం జ్ఞాపకశక్తే 32! ఎక్కువ చదవాలంటే తక్కువ రాయాలి. పైగా అది మామూలు టీవీ అయితే 80 అక్షరాలు పక్కపక్కనే చేరి అలికినట్టు అయిపోయేవి. ఈ విషయంలో రంగుల టీవీకన్నా మన పాత నలుపు తెలుపు ఈసీ టీవీ లాంటిదే నయం. అక్షరాల అంచులు తేటగా కనిపిస్తాయి.

ఇదంతా ఇంగ్లిషు సంగతి. మరి ఆ ఎనిమిది గళ్లలో మన తెలుగు?

నేనూ గళ్ల కాగితం తీశాను. 'అ' ఎలాగో ఒదిగింది. 'క' తలకట్టుతో సహా కూర్చుంది. 'స్త్రీ' దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, దాని పక్కన క్రావడి. ఎనిమిది గళ్ల ఎత్తులో అసలు అక్షరానికే చోటు మిగల్లేదు. ఎత్తు పదహారు గళ్లు చేస్తే తప్ప కుదరలేదు. అంటే 24 వరసల తెర 12 అయిపోతుంది. ఇంగ్లిషువాళ్లు అక్షరాన్ని సగం చేసి మాటలు రెట్టింపు చేసుకుంటే, మనం అక్షరాన్ని రెట్టింపు చేసి మాటలు సగం చేసుకోవాలి.

స్పెక్ట్రమ్‌లో సొంతంగా అక్షరాలు గీసుకునే వీలు లేకపోలేదు. అలా 21 గీసుకోవచ్చు. పాత పెద్దబాలశిక్ష లెక్కన పదహారు అచ్చులు పోతే మిగిలేవి అయిదు. క, ఖ, గ, ఘ, ఙ. అక్కడితో సరి! 'చ' అనడానికి కూడా చోటులేదు.

తెలుగును తెరమీదికి తేవడానికి ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణె సీడాక్‌లో రూపుదిద్దుకున్న 'జిస్ట్' కార్డు కావలసివచ్చింది. అది కంప్యూటర్ లోపల అదనంగా బిగించుకునే కార్డు. ఆఫీసులు కొనుక్కున్నాయి. ఇళ్లకు రాలేదు. ఇళ్లదాకా తెలుగు రావడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు వచ్చేదాకా ఆగాలి. వచ్చాకా ఎంతమందికి తెలిసింది? నెట్ సెంటర్లలో మనవాళ్లు తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టారు. కే, ఏ, ఎల్, ఏ అని వస్తే అది కలా, కళా? చదివే అవతలివాళ్ల అదృష్టం.

సెల్‌ఫోన్లు వచ్చినా లెక్క మారలేదు. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషువి 160 పడతాయి, తెలుగువి 70. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరింటిని తినేస్తుంది. తక్కువ పైసల్లో ఎక్కువ చెప్పాలనుకునే గల్ఫ్ కార్మికుడు ఏ లిపి ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఫోన్ తెరమీద లక్షల చుక్కలు. జగిత్యాలలోనో కోరుట్లలోనో ఒక అవ్వ, కొడుకు పంపిన సందేశాన్ని రెండువేళ్లతో సాగదీసి చూసుకుంటుంది. తెరంతా కలిపి నాలుగు మాటలే పడతాయి. ఒత్తులతో సహా.