భూమి కొనుటకు ముందు మట్టి చరిత్ర

పాల్మాకుల ప్రాంతమున భూమి కొనదలచిన రైతు ముందుగా ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెప్పించుకొనును, పహాణీ చూచును. మంచిదే. కాని యా కాగితములు భూమిపై నెవరికి హక్కు గలదో, ఏ తాకట్టు గలదో యంతవఱకే చెప్పును. ఆ మట్టిలో నేమి యింకినదో వానికి దెలియదు.

1993లో నొక కంపెనీ మన శంషాబాదు మండలమందలి పెద్దషాపూరున 12 ఎకరములు కొని, ఆముదపు నూనె సరకుల కర్మాగారము పెట్టదలచెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చుట్టు 10 కిలోమీటర్లలో కాలుష్యకరములగు పరిశ్రమలు కూడవని 1994లో నొక ఉత్తరువు, 1996లో 111వ సంఖ్య ఉత్తరువు వెలువడెను. కాలుష్య నియంత్రణ మండలి యనుమతి నిరాకరించెను. ప్రభుత్వము మినహాయింపు నిచ్చినను, 2000 డిశంబరులో సుప్రీముకోర్టు అది చెల్లదనెను. కొన్నప్పు డుత్తరువు లేదు గదా యందురేమో! నిజమే, కావుననే యొకమారు విచారించి యూరకుండుట చాలదు. 2022లో 69వ సంఖ్య ఉత్తరువు, జలాశయముల నీరు చెడరాదను షరతుతో నా నిర్బంధములను సడలించెను. "ఇక నే యడ్డును లేదు" అను మధ్యవర్తి మాట నమ్మక, ఆ షరతును, పిమ్మట నడచిన వ్యాజ్యములను గూర్చి విచారింపుడు.

అమెరికాలో 1980 నాటి చట్టముచే, చెడిన నేలను శుద్ధిచేయు వ్యయము ప్రస్తుత యజమానునిపై గూడ పడవచ్చును. అందుచే నచట కొనువారు, ఆ స్థలమునకును చుట్టుపట్లకును సంబంధించిన సర్కారు రికార్డులన్నియు వెదకించి నివేదిక తెప్పించుకొందురు. మనమట్టి దానిని ముక్కలుగా కూర్చుకొనవలెను. చుట్టుపట్ల నే కర్మాగారములకు అనుమతి గలదు, ఎవరికి నోటీసులు పోయినవి యని 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద కాలుష్య నియంత్రణ మండలికి తెలుగుననే దరఖాస్తు పెట్టవచ్చును. చెఱువు నిండినపు డెంతవఱకు నీరు నిలుచునో పటము చూడవలెను.

అయితే వచ్చిన జవాబును చదువుటలోనే చిక్కున్నది. పొరుగున కర్మాగారము పేరు కనబడినంతనే భూమి చెడినదని కాదు. దూరముకంటె వాలు ముఖ్యము. మెరకనున్నది దూరమైనను మనకు ముప్పు, పల్లమున నున్నది దగ్గఱయైనను అంత భయము లేదు. "రికార్డులేమియు లేవు" అను జవాబు మాత్రము మిక్కిలి మోసకరము. అది వెదకినచోట కాగితము దొరకలేదనుటయే గాని, నేల శుభ్రమనుట కాదు. నగరమునకు వచ్చు దారిలోని కాటేదాను పారిశ్రామికవాడ మట్టిలో సీసము, క్రోమియము మితిమీరి యున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థవారు మట్టి త్రవ్వి పరీక్షించి కనుగొనిరి. కాగితములు తిరుగవేసి కాదు. రాత్రివేళ ట్యాంకరు దింపిపోయిన ద్రవము ఏ దస్తరమునకు నెక్కును?

కావున సహకార సంఘమువారు భూమికి గాని బోరుబావికి గాని అప్పిచ్చుటకు ముందు, ఈ జవాబును నీటి పరీక్షను గూడ కోరవలెనని మా యభిప్రాయము. ఆలస్యమగునని సభ్యులు విసుగుకొందురు. బోరు వేసిన పిదప వరి యెఱ్ఱబాఱినచో, కిస్తు మాత్ర మాగదు గదా! దరఖాస్తునకు 30 దినములు పట్టును. ఆ లోపల గొఱ్ఱెల కాపరులను కలిసి, ఆ పొలము ప్రక్క కుంటలో మంద నీరు త్రాగుచున్నదా, తొలగిపోవుచున్నదా యని యడుగుడు.