హీరో గడ్డం పెరిగితే రేటూ పెరగాలా?

2023 డిసెంబరులో రాక్‌స్టార్ గేమ్స్ వదిలిన వీడియో గేమ్ జీటీఏ 6 మొదటి ట్రైలర్‌లో ఓ మొసలి దుకాణంలోకి తాపీగా నడిచి వస్తుంది. ఫ్లోరిడాలో జనం ఫోన్లలో తీసి పెట్టే వీడియోలకు అది అచ్చమైన నకలు. ఇరవై నాలుగు గంటల్లో ఆ ట్రైలర్‌కు యూట్యూబ్‌లో తొమ్మిది కోట్ల వీక్షణలు వచ్చాయి. 2025 మేలో రెండో ట్రైలర్ రాగానే అభిమానులు ఒక్కో ఫ్రేమూ ఆపి బీరు సీసాలో బుడగల్ని కూడా పరీక్షించారు. దాన్ని మామూలు ప్లేస్టేషన్ 5 మీదే రికార్డు చేశామని, అందులో సగం ఆట ఆడుతుండగా తీసిందేనని కంపెనీ చెప్పింది. ఇక ఆశలకు పట్టపగ్గాల్లేవు.

2025లో రావాల్సిన ఆట 2026 మే 26కు, అక్కడి నుంచి నవంబరు 19కి జరిగింది. ఈలోగా అభిమానుల్లో ఒక వాదం బలపడింది. ఇంత సహజంగా ఉన్న ఆటకు 80 డాలర్లేం ఖర్మ, 100 అయినా ఇవ్వొచ్చన్నదే ఆ వాదం. సహజత్వాన్ని, ధరను ఇలా ముడిపెట్టడం పొరపాటు.

సహజత్వం అనగానే ఇదే కంపెనీ 2018లో తెచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గుర్తొస్తుంది. అందులో హీరో ఆర్థర్ మోర్గాన్‌కు రోజులు గడిచేకొద్దీ గడ్డం పెరుగుతుంది. అతిగా తింటే ఒళ్లు వస్తుంది. తుపాకీ తుడవకపోతే సరిగ్గా పేలదు. చలికి మగ గుర్రం శరీరంలో వచ్చే మార్పునూ వదల్లేదు (వివరాలు ఈ పత్రికలో రాయలేం). మెచ్చుకున్నవాళ్లు ఎందరో, వేటాడిన ప్రతి జంతువు తోలూ ఒలిచేదాకా నిలబడి చూడాలా అని విసుక్కున్నవాళ్లూ అందరు. అంతకుముందు, 2008 నాటి జీటీఏ 4లో బంధుత్వం కూడా సహజంగానే ఉండేది. పోలీసుల నుంచి తప్పించుకుని ఊపిరి పీల్చుకునేలోపు కజిన్ రోమన్ ఫోన్ చేసి బౌలింగ్‌కు పోదామంటాడు. ఆ ఫోన్లు ఇప్పటికీ ఆటగాళ్ల మధ్య జోకే.

అసలు పరీక్ష వెంట్రుకల దగ్గర కాదు, ఆ లోకం నడవడిక దగ్గర. 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ 2077 నగరం బొమ్మల్లో అద్భుతం. కానీ వీధిలో నేరం చేస్తే పోలీసులు ఎక్కడి నుంచో వచ్చేవారు కాదు, గాల్లోంచి ఊడిపడ్డట్టు వీపు వెనకే ప్రత్యక్షమయ్యేవారు. పాత కన్సోళ్ల మీద ఆట నడవడమే గగనమైంది. విడుదలైన ఎనిమిదో రోజున సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. బొమ్మ అందాన్ని నమ్మి ముందే కొన్నవాళ్లకు దక్కింది అదీ.

ధర విషయంలో కంపెనీల లెక్క పూర్తిగా తీసిపారేసేది కాదు. 2013లో జీటీఏ 5 ధర 60 డాలర్లు. అమెరికా ద్రవ్యోల్బణంతో లెక్కేస్తే అది 2025లో 83 డాలర్ల దాకా తేలుతుంది. కొత్త ఆటల ధర 70కి చేరింది 2020లో. 2025లో నింటెండో మారియో కార్ట్ వరల్డ్‌కు 80 పెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా ది ఔటర్ వరల్డ్స్ 2కు 80 ప్రకటించి, రెండు నెలలు తిరక్కుండానే 70కి దిగింది. జీటీఏ 6 ధర 80 నుంచి 100 మధ్య ఉంటే తామూ పెంచుకోవచ్చని కొందరు ఆటల తయారీదారులు ఆశపడుతున్నారని విశ్లేషకుడు మాథ్యూ బాల్ 2025 జనవరిలోనే రాశారు.

ఈ తంతు తెలుగువాళ్లకు కొత్త కాదు. పుష్ప 2 బెనిఫిట్ షో టికెట్‌పై 800 రూపాయలు పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో అనుమతించింది. పెద్ద బడ్జెట్ కాబట్టి పెద్ద టికెట్ అన్న వాదనే ఇక్కడా వినిపిస్తోంది. అయితే సినిమాకు టికెట్‌తో సరి. జీటీఏకు అలా కాదు. జీటీఏ 5 మూడు తరాల ప్లేస్టేషన్ల మీద వచ్చింది, 21 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని ఆన్‌లైన్ ఆటలో దొంగ డబ్బుకు అసలు డబ్బు పోయించే షార్క్ కార్డుల్లో పెద్దది 100 డాలర్లు. ఆపైన నెలవారీ చందా వేరే. లోపలికి వచ్చాక ఇన్ని దుకాణాలున్న చోట గేటు రుసుము పెంచడం అత్యాశే. 70 డాలర్లు దాటడానికి న్యాయమైన కారణం కనిపించదు.

మన దగ్గర లెక్క ఇంకా కష్టం. డిస్కుతో నడిచే ప్లేస్టేషన్ 5 యాభై వేల పైమాటే. 70 డాలర్ల ఆట ఇక్కడ ఐదు వేల రూపాయల దాకా పలుకుతోంది. 100 డాలర్లంటే నేరుగా మారిస్తే తొమ్మిది వేలకు దగ్గర. ప్రకటించింది కన్సోళ్లకే, కాబట్టి పీసీ వాళ్లు ఎదురుచూడాలి. జీటీఏ 5 పీసీ మీదికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. కొత్త ఆట మళ్లీ పాత జీటీఏలో చూసిన వైస్ సిటీ నగరంలోనే నడుస్తుంది. ఒకప్పుడు నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆ ఊరి సందుగొందులు నేర్చిన తరం ఇప్పుడు జీతాలు తీసుకుంటోంది. అప్పట్లో సీడీ కొని ఆడినవాళ్లు ఎందరని అడగకపోవడమే మర్యాద. వాళ్లను నిజాయతీగా కొనేలా చేయాలంటే రూపాయల్లో ఆలోచించి ధర పెట్టాలి. రాక్‌స్టార్‌కు బెంగళూరులో పెద్ద స్టూడియోనే ఉంది, ఇక్కడి జీతాలు ఎంతో తెలియని కంపెనీ కాదు.

కొనేవాళ్లకూ ఒక మాట. ముందస్తు బుకింగ్ తెరిచారని పరుగెత్తకండి. డిజిటల్ కాపీకి స్టాకు అయిపోవడం ఉండదు. విడుదలయ్యాక వారం ఆగి, సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఏమంటున్నారో విని, అప్పుడు కార్డు తీయండి.