పాఠకులకు ఒక వీధరుగు

మీలో చాలామంది మధ్యాహ్నం గిన్నెలు సర్దేసుకుని, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోగా కాగితం, కలం పట్టుకుని కూర్చుంటారు. కొందరైతే ఫోన్లోనే కథ టైపు చేసేస్తారు. రాయడం వరకూ బాగానే ఉంది. మరి చదివినవాళ్ళు ఏమనుకున్నారో మనకెలా తెలుస్తుంది?

వెనకటి రోజుల్లో ఆ పని పోస్టుకార్డు చేసేది. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల తరబడి నడిపిన మాలతీ చందూర్ గారినే తలచుకోండి. వంటింటి సందేహం దగ్గర్నుంచి కాపురంలో చిక్కుల దాకా పాఠకులు ఆవిడకు రాసేవారు. ఆవిడ ఓపిగ్గా జవాబు చెప్పేవారు. నవలలూ, వంటల పుస్తకాలూ రాసిన ఆవిడ 2013లో కన్నుమూశారు. అయినా మన అమ్మల తరంవాళ్ళు ఇప్పటికీ ఇంటి మనిషిలాగే చెప్పుకుంటారు. అడిగినవాళ్ళకు జవాబు దొరికేది మరి!

ఇప్పుడు పోస్టుకార్డు పని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ చేస్తున్నాయి. కథ పెట్టిన అయిదు నిమిషాలకే అభిప్రాయం వచ్చేస్తుంది. మంచిదే. కాని ఆ దారినే రాకూడనివాళ్ళూ వస్తారు. ముక్కూ మొహం తెలియనివాడు రాత్రి పదింటికి "భోంచేశారా మేడమ్" అని పలకరిస్తాడు. అది ఇంట్లో ఎవరి కంటైనా పడిందంటే "ఇక ఆ రాతలు కట్టిపెట్టు" అనేస్తారు. తప్పు ఎవడిదో, ఆగిపోయేది మాత్రం మన కలం! అందుకే అంటాను, పాఠకులను వీధరుగు మీద కూర్చోబెట్టి ఆదరంగా మాట్లాడండి. వంటింట్లోకి మాత్రం రానివ్వకండి.

ఆ అరుగు ఎలా వేసుకోవాలో చెబుతాను. ఫేస్‌బుక్‌లో మీ సొంత ఖాతాను చుట్టపక్కాలకు ఉంచుకుని, రచనల కోసం విడిగా 'పేజీ' తెరవండి. సొంత ఖాతాలో స్నేహితులు 5,000 మందికి మించకూడదు. పేజీకి ఆ లెక్క లేదు. పిల్లల ఫొటోలు, వాళ్ళ స్కూలు పేరు, ఊరెళ్తున్న కబుర్లు సొంత ఖాతాలోనే, అదీ స్నేహితులకు మాత్రమే కనబడేలా పెట్టుకోండి.

వాట్సాప్ గ్రూపు సంగతి కూడా ఇంతే. అందులో చేరినవారికి ఒకరి ఫోన్ నంబరు మరొకరికి కనబడుతుంది. అయినవాళ్ళయితే ఫర్వాలేదు, పాఠకులకు అది పనికిరాదు. 2023లో మన దేశానికి వచ్చిన వాట్సాప్ ఛానెల్‌లో ఆ ఇబ్బంది లేదు. అయితే అక్కడ మనం చెప్పడమే ఎక్కువ. వాళ్ళ మాట వినాలంటే పేజీయే మేలు.

ఇక ఏం రాయాలి? రోజూ "నా కథ చదవండి, నా కథ చదవండి" అంటే అయినవాళ్ళు కూడా తప్పుకు తిరుగుతారు. మీ కథలో గోంగూర పచ్చడి ఉందనుకోండి. "మీ ఇంట్లో గోంగూర అంటారా, పుంటికూర అంటారా? నంజుకోవడానికి పచ్చిమిరపకాయా, ఉల్లిపాయా?" అని అడిగి చూడండి. కథల జోలికి రానివాళ్ళు కూడా అమ్మమ్మ చేతి పచ్చడి గురించి నాలుగు ముక్కలు రాస్తారు. ప్రతి ఒక్కరికీ పేరుపెట్టి జవాబివ్వండి. మర్నాడు మీ కథలోంచి నాలుగు వాక్యాలు పెడితే, వాళ్ళే ముందుగా చదువుతారు.

నాలుగు వాక్యాలే ఎందుకంటే, కథ మొత్తం ముందే పెట్టేస్తే తర్వాత చిక్కు. ఎక్కడా ప్రచురణ కాలేదని హామీపత్రం అడిగే పత్రికలు చాలా ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో వచ్చినదాన్ని కూడా ప్రచురణ కిందే లెక్కగట్టి తిప్పి పంపుతారు. ముందు పత్రికకు, తర్వాత పేజీకి అని గుర్తుపెట్టుకోండి.

మీ కథ పేరు లేకుండా వాట్సాప్‌లో తిరుగుతోందా? దిగులుపడి ఊరుకోకండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రాసిన క్షణం నుంచే కథ మీద హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ తర్వాత కూడా 60 ఏళ్ళు ఆ హక్కు మీ వారసులకు ఉంటుంది. కాబట్టి కథ మొదట్లోనూ చివర్లోనూ పేరు రాసుకోండి. రాయడం పూర్తికాగానే ఒక ప్రతి మీకు మీరే ఈమెయిల్ చేసుకుంటే, తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది.

వెకిలి సందేశాలకు జవాబు చెప్పకండి. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, ఆ మనిషిని బ్లాక్ చేయండి. ఇంట్లోవాళ్ళకు మీరే ముందుగా చెప్పండి, ఎవరి ద్వారానో తెలియడం కన్నా అది మేలు. వాడు అక్కడితో ఆగకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయండి. "మీ పుస్తకం అచ్చువేస్తాం, ముందు డబ్బు పంపండి" అనే అపరిచితులను నమ్మకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక్క మాట. జవాబులకు రోజుకు అరగంట పెట్టుకోండి, చాలు. మిగతా సమయం రాతకే. వెయ్యిమంది చదవకుండానే బొటనవేలి గుర్తు నొక్కి వెళ్ళిపోవచ్చు. చివరిదాకా చదివి "ఇది మా అత్తగారి కథలాగే ఉంది" అని రాసే పదిమందే మన పాఠకులు. ఆ పదిమందీ పేరుపేరునా మీకు తెలిసి ఉండాలి.

ఈ వారం పేజీ తెరిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఎవరెవరు వచ్చి అరుగు మీద కూర్చున్నారో నాకూ రాస్తారు కదూ!