దాచుకున్న గాయాలు



కాలేజీ చదువుతున్న పిల్లలు తమ శరీరానికి తామే హాని చేసుకోవడం గురించి ఈ నెల వ్రాస్తున్నాము. ఇది మన ఇంట్లో జరగదనుకునే తల్లిదండ్రులు ముఖ్యంగా చదవాలి.

2023 జూలైలో మన విశాఖపట్నంలోనే, నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణించింది. కన్నతండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న కోర్టు ఆ దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. అంతటితో ఆగక దేశంలోని విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హతగల కౌన్సిలర్ ఉండాలి. హెల్ప్‌లైన్ నెంబర్లు పెద్ద అక్షరాలతో గోడలమీద కనబడాలి. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానపరచరాదు.

ఈ చివరి మాట చదివినప్పుడు మాకు మన సంఘాలే గుర్తుకొచ్చాయి. ఫలితాలు వచ్చిన మరుసటి ఆదివారం మంచి మార్కులవారిని ముందుకు పిలిచి, చప్పట్లు కొట్టి, బహుమానాలిస్తాము. ఇవ్వవద్దని కాదు. కాని తప్పినవాడు ఆ రోజు అసలు ఆరాధనకు వచ్చాడో లేదో చూసినవారెవరు?

మార్కులొక్కటే కారణం కాదు. శ్రీకాకుళం నుండో, పాడేరు నుండో వచ్చిన పిల్లకు హాస్టల్ గదిలో ఒంటరితనం. ర్యాగింగ్, ప్రేమలో భంగపాటు, ఇంట్లో తాగుడు, కులం పేరిట హేళన, ఎవరికీ చెప్పుకోలేని లైంగిక వేధింపు, సెల్‌ఫోన్‌లో తీసుకున్న అప్పు. తరచు ఇవి రెండు మూడు కలిసే వస్తాయి. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో సి షిఫ్టు చేసి ఇల్లు చేరేసరికి కొడుకు కాలేజీకి బయలుదేరుతాడు. ఒకే ఇంట్లో ఉండి వారమంతా సరిగా మాట్లాడుకోని కుటుంబాలు మనలో ఉన్నాయి.

గాయపరచుకునేవారందరూ చావు కోరి చేయరు. నోటితో చెప్పలేని బాధను కొందరు అలా దించుకోజూస్తారు. క్షణంసేపు తేలికైనట్లుండి, తరువాత సిగ్గు మిగులుతుంది. ఆ సిగ్గుతోనే దాస్తారు. మన ఊరి ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా విడువని బిడ్డను గమనించండి. తేలికగా తీసుకోకండి, ఇటువంటివారికి ముందుముందు ప్రాణాపాయం ఎక్కువని వైద్యులు చెబుతున్నారు.

బిడ్డ గాయం చూపించిన ఆ మొదటి పూట చాలా ముఖ్యమైనది. "మా పరువు తీశావు", "నీకు విశ్వాసం లేదు" అన్నామా, రెండోసారి చూపించడు. గెరాసేనుల దేశంలో రాళ్లతో తన్ను గాయపరచుకొన్నవాని సంగతి ఎత్తి, ఇదంతా దయ్యమేనని తేల్చేవారున్నారు. వారు ఏలీయా సంగతి కూడ చదవాలి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఆ ప్రవక్తను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మరల నిద్రపోనిచ్చాడు. ఇక్కడేమి చేస్తున్నావని అడిగింది నలువది దినాల తరువాత, హోరేబు చేరాక!

కనుక మొదట గాయానికి కట్టు కట్టించండి, అన్నం పెట్టండి, ప్రక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగినంతమాత్రాన ఆ తలంపు పుట్టదు. అవునంటే ఒంటరిగా విడువక వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రార్థనకు, వైద్యానికి పోటీ లేదు. పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి వెళ్లనివారున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత సెక్షనే లేదు.

చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు చెప్పి ఒకరినొకరు వెక్కిరించుకోవడం మన ఊళ్లో పాత అలవాటు, ఇకనైనా మానుకుందాము. టెలి మానస్ నెంబరు 14416. ఉచితం, రాత్రింబగళ్లు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నెంబరును చర్చి నోటీసు బోర్డుమీద పెద్ద అక్షరాలతో వ్రాయించవలసిందిగా సంఘ పెద్దలను కోరుతున్నాము.